పదకొండో రోజు బూజు

కొత్తపేట,
జూలై 6, 2024.

హరితరక్ష సంస్థ అధినేత శ్రీ గణపతిగారికి నమస్కారాలు.

తమరికి మూడుసార్లు ఫోను చేశాను. మూడుసార్లూ ఒక అమ్మాయి ఎత్తి "సారు మీటింగులో ఉన్నారండి" అంది. విశాఖపట్నంలో ఎం.ఎస్సీ. చదివేటప్పుడు రెండేళ్ళు నా చాప మీద పడుకున్న మనిషికి నాతో మాట్లాడే తీరిక లేదని అర్థమైంది. అందుకే ఉత్తరం. మీటింగు అయ్యేదాకా బల్లమీద పడి ఉండడానికి దానికి సిగ్గుండదు.

ఏప్రిల్లో తమరు అమలాపురం వచ్చి, ఫంక్షన్ హాలులో శాలువా కప్పించుకుని, తెల్లపొడి డబ్బా ఒకటి పైకెత్తి చూపించారు. "ఇందులో రసాయనాలు లేవు. తినే వస్తువుకి బూజు పట్టకుండా ప్రకృతి ఇచ్చిన కవచం" అన్నారు. నేను వెనక వరసలో ఉన్నాను. కెమిస్ట్రీ చదివినవాడు రసాయనాలు లేని పదార్థం కనిపెట్టాడంటే నవ్వొచ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు కాబట్టి నవ్వలేదు.

ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో వీరవేణి ఒకతె. మా వీధే. ఒకప్పుడు నా దగ్గర చదువుకుంది. భర్త దోహాలో ఏసీలు బిగిస్తాడు. ఈమె ఇంట్లో కొబ్బరి లౌజు చేసి అప్పనపల్లి గుడి దగ్గర కొట్లకి వేస్తుంది. ఆరేడు రోజుల్లో తినేయమని చెప్పి అమ్మేది. ఎనిమిదేళ్ళుగా ఒక్క మాట రాలేదు. తమరి పొడి కలిపితే నలభై అయిదు రోజులు నిలవుంటుందన్నారు. ఆమె నమ్మింది. డబ్బా మీద ఉన్న కొలత ప్రకారమే కలిపింది. పొట్లం మీద నలభై అయిదు రోజుల తేదీ వేయించింది.

పన్నెండు రోజులకి లోపల పచ్చటి బూజు.

రాజోలు నుంచి గుడికి వచ్చిన భవాని అనే ఆవిడ కొన్న పొట్లం ఇంట్లో అయిదేళ్ళ కూతురు విప్పుకుని తినేసింది. తేదీ ఇంకా నెల్లాళ్ళుంది కదా అని ఎవరూ చూసుకోలేదు. వాంతులు, విరేచనాలు. అమలాపురం ఆసుపత్రిలో మూడు రోజులు సెలైను పెట్టారు. పిల్ల బతికి బట్టకట్టింది. ఆ పొట్లం అమ్మిన కొట్టు సత్తియ్య మిగిలిన పొట్లాలన్నీ రోడ్డు మీదికి విసిరి, గుడికొచ్చిన జనం ముందు "ఆ వీరవేణి చేతి సరుకు ముట్టుకోకండి బాబూ" అని అరిచాడు.

వీరవేణి ఫిర్యాదు రాస్తే మీ సంస్థ పంపిన జవాబు నా ఎదురుగా ఉంది. "తయారీదారు చేతుల శుభ్రత లోపమే కారణం." ఒక్క వాక్యం. కింద సంతకం కూడా లేదు.

ఒరేయ్ గణపతీ, ఎంత మర్యాదగా రాద్దామన్నా చెయ్యి సాగడం లేదు. ఆ డబ్బాలో ఏముందిరా? ఏ ఆధారంతో నలభై అయిదు రోజులన్నావు? లౌజు మొహం చూశావా ఎప్పుడైనా, తినడం తప్ప?

ధర్మరాజు

*

హైదరాబాదు,
జూలై 15.

డాక్టర్ ధర్మరాజు, ఎం.ఎస్సీ., పిహెచ్.డి.గారికి,

నీ పేరు పక్కన ఆ అక్షరాలు లేకపోతే నీకు బాధ కదా, అందుకని రాశాను. చేత్తో రాయడానికి కారణం నీ మీద ప్రేమ కాదు. వాట్సాప్‌లో రాస్తే సాయంత్రానికల్లా కోనసీమ అంతా తిప్పుతావు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకురా? ఆవిడ అమ్ముకుంది, మా వాళ్ళు జవాబిచ్చారు. మధ్యలో నువ్వెవరు? రిటైరయ్యాక ఏమీ తోచక వీధిలో ఆడవాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నావా? ముప్పై ఏళ్ళు ఒకే కాలేజీలో, ఒకే నోట్సు, అందులో ఒకే అచ్చుతప్పుతో చెప్పినవాడివి. నాకు వ్యాపారం నేర్పకు.

డబ్బాలో ఏముందో చెప్పను. అది మా రహస్యం. పెట్టె మీద "వృక్ష సంబంధ సారం" అని రాసి ఉంది, చట్టానికి అది చాలు. ఆధారం అడిగావు. ఆధారం ఉంది. విశ్వవిద్యాలయం ఆమోదించిన పరిశోధన, అంకెలతో సహా. నేను గాలిలోంచి తీసిన లెక్క కాదు.

ఆడవాళ్ళు ఇంట్లో ఏం చేస్తారో నాకు తెలుసు. తడి గరిట పెడతారు. ఆరకముందే పొట్లం కడతారు. చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని అదే చేత్తో ఉండ చుడతారు. బూజు పట్టాక ప్రకృతి మీదా నా మీదా పడతారు. నీకంత శాస్త్రీయ దృష్టి ఉంటే వెళ్ళి ఆవిడ వంటింట్లో కూర్చుని చూడు.

గణపతి

*

కొత్తపేట,
ఆగస్టు 12.

గణపతికి,

చూశాను. నువ్వు చెప్పినట్టే వంటింట్లో కూర్చుని చూశాను.

గరిటలూ మూకుళ్ళూ నేనే మరిగే నీళ్ళల్లో వేశాను. వీరవేణి చేత ముమ్మారు సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడిగించాను. కడిగిన ప్రతిసారీ చాపి చూపించమన్నాను. గోళ్ళు కూడా చూశాను. ఒకే కాయల కొబ్బరి, ఒకే బెల్లం. ఒక వాయి మామూలుగా. ఒక వాయి నీ పొడి కలిపి. మూడో వాయి పొడి లేకుండా, పాకం ముదిరేదాకా వేయించి తడి తగ్గించి. మూడూ విడివిడి డబ్బాల్లో పెట్టి రోజూ పొద్దున్నే చూశాను.

మామూలుది తొమ్మిదో రోజు బూజు పట్టింది. నీ ప్రకృతి కవచం కప్పుకున్నది పదకొండో రోజు. తడి తగ్గించింది పదహారో రోజు దాకా నిలిచింది. అంటే మా వీధి మూకుడు నీ కంపెనీ కంటే అయిదు రోజులు గొప్పది. దానికి శాలువా కప్పించు.

ఎందుకిలా జరిగిందో చెబుతాను, నీ జీతగాళ్ళకి చదివి వినిపించు. ఆకు నూనెలు బూజుని చంపుతాయి, నిజమే. గాజు పళ్ళెంలో పెంచిన బూజు మీద ఒక్క చుక్క వేస్తే చుట్టూ అంగుళం మేర ఏమీ మొలవదు. చూడ్డానికి బావుంటుంది. ఫొటో తీసుకోవచ్చు. కానీ కొబ్బరిలో కొవ్వుంది. నూనె పోయి ఆ కొవ్వులో కలిసిపోతుంది. బూజు పెరిగేది తడిలో. చంపాల్సింది ఒకచోట, చచ్చేది ఇంకొకచోట ఉంటే యుద్ధం ఎలా జరుగుతుంది? పళ్ళెంలో వచ్చిన లెక్కని కొబ్బరికి అంటగట్టిన మూర్ఖుడెవడో నాకు తెలియదుగానీ, వాడికి డిగ్రీ ఇచ్చినవాళ్ళని ముందు అనాలి. దాన్ని డబ్బాలో పోసి అమ్మిన నిన్ను తరవాత అనాలి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆవిడ చేతులని అన్నావు. ఆ చేతులు నీ మనసు కంటే శుభ్రంగా ఉన్నాయి. వీరవేణికి క్షమాపణ రాసి పంపు. పొడి వెనక్కి తీసుకో.

ధర్మరాజు

*

హైదరాబాదు,
ఆగస్టు 20.

ధర్మరాజూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయాను.

"ఆకు నూనె" అన్నావు. నేను ఆకు అని ఎక్కడ రాశాను? డబ్బా మీద ఎక్కడుంది? వృక్ష సంబంధ సారమంటే బెరడు కావచ్చు, గింజ కావచ్చు, వేరు కావచ్చు. నువ్వు మాత్రం తిన్నగా ఆకు మీదికి వచ్చావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది.

సరే, ఇద్దరికీ తెలిసిన సంగతి ఇద్దరి మధ్యా ఎందుకు దాచుకోవాలి? తమలపాకు నూనె. పిండిలో ఇంకించి పొడి చేశాం. కొలత, రోజులు, అన్నీ ఒక థీసిస్ లోంచి తీసుకున్నాను. ఎనభై ఏడో పేజీ, నాలుగో పట్టిక: "తడి కొబ్బరి పదార్థాల మీద తమలపాకు నూనె ప్రభావం, నలభై అయిదు రోజులు." అట్ట మీద నీ పేరు. లోపల "మిత్రుడు గణపతికి, 1998" అని నీ సంతకం.

మూర్ఖుడెవడో తెలియదన్నావు కదా. అద్దం ఉందా ఇంట్లో?

నిన్ను అడగకుండా వాడుకున్నాను, అది నా తప్పే. అడిగితే వాటా అడుగుతావనుకున్నాను. కానీ ఒక్క మాట విను. ఈ వ్యాపారంలో నేను ఎవణ్ణీ నమ్మను. పిండి మొదలు డబ్బా మూత దాకా అన్నీ పరీక్ష చేయిస్తాను. ఒక్క నీ అంకెలు మాత్రం పరీక్ష చేయించలేదు. ధర్మరాజు చాదస్తుడు, పనికిమాలినవాడు, బతకడం రానివాడు, కానీ అంకె తప్పు రాయడు అనుకున్నాను. పాతికేళ్ళుగా మా ఇంట్లో నీ గురించి అదే చెబుతాను.

ఇప్పుడు చెప్పు. పదకొండో రోజు బూజు పడుతుందని నీకు ఎప్పటినుంచి తెలుసు?

గణపతి

*

కొత్తపేట,
సెప్టెంబరు 9.

గణపతీ,

జవాబు రాయడానికి ఇరవై రోజులు పట్టింది. మొదటి పది రోజులూ నిన్ను తిట్టడానికి మాటలు వెతికాను. దొరికాయి కూడా. రాసి చించేశాను.

1996 అక్టోబరు నుంచి తెలుసు.

కాలేజీలో ఉద్యోగం చేసుకుంటూనే పరిశోధన చేస్తున్నాను. పళ్ళెం ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. గైడు వాటిని పట్టుకుని అందరికీ చూపించాడు. ఇక కొబ్బరి మీద ఒక్కసారి రుజువైతే చాలన్నాడు. అక్టోబరు పద్దెనిమిదిన ఇరవై నాలుగు సీసాల్లో కొబ్బరి పెట్టాను. పదకొండో రోజు పొద్దున్న ల్యాబు తలుపు తీస్తే ఇరవై రెండు సీసాల్లో బూజు. అంత పచ్చటి రంగు నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కొలత పెంచి మళ్ళీ చేద్దామనుకున్నాను. నవంబరు ఆరున తుఫాను వచ్చింది. ల్యాబు రేకులు లేచిపోయాయి, సీసాలు నీళ్ళల్లో కొట్టుకుపోయాయి. కొబ్బరిచెట్లు పడిపోయి, ఇళ్ళు కూలిపోయి ఊళ్ళు ఏడుస్తుంటే నేను లోపల్లోపల తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంగతి నా భార్యకి కూడా చెప్పలేదు.

మార్చిలో గైడు రిటైరవుతున్నాడు. మళ్ళీ చేసే వ్యవధి లేదు. పళ్ళెం అంకెల్ని సాగదీసి, కొబ్బరి పేరు పెట్టి, తేదీలు ఎండాకాలానికి వెనక్కి జరిపాను. ఎవరు చదువుతారు, ఎవరు వాడతారు అనుకున్నాను. చదివేవాడు ఒక్కడున్నాడని, వాడికి నేనే సంతకం చేసి ఇచ్చానని తోచలేదు.

అమలాపురం హాలులో నువ్వు పంచిన చిన్న పొట్లం అక్కడే విప్పి వాసన చూశాను. తమలపాకు. అప్పుడే లేచి ఒక్క మాట అనాల్సింది. అనలేదు. నువ్వు ఏదో మార్పు చేసి ఉంటావు, ఇంకో మందు కలిపి ఉంటావు అని నాకు నేను చెప్పుకున్నాను. పిల్ల ఆసుపత్రిలో ఉందని తెలిసినప్పుడు నీకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. తప్పు నీ దగ్గర దొరకాలని. ఎంత గట్టిగా తిడితే అంత దూరం జరగవచ్చనుకున్నాను.

నిన్న వీరవేణికి చెప్పాను. కత్తిపీట ముందు కూర్చుని కొబ్బరి కోరుతోంది. మొత్తం విన్నంతసేపూ చెయ్యి ఆపలేదు.

"అయితే మేష్టారండీ, ఆ పాపకి సెలైను ఎక్కిస్తున్నప్పుడు మీకు తెలుసన్నమాటండీ."

"తెలుసమ్మా."

"నేను మీ అరుగు మీద కూచుని ఏడ్చినప్పుడూ తెలుసాండీ?"

"తెలుసు."

అప్పుడు ఆపింది. "మరి నా చేతులెందుకు కడిగించేరండీ? మూడేసి సార్లు. చాపమన్నారు, గోళ్ళు చూసేరు."

లెక్క పక్కాగా ఉండాలని చెప్పబోయాను.

"కంపెనీవాళ్ళు అన్నారంటే వాళ్ళకి నేనెవరో తెలీదండీ. మీకు తెలుసు కదండీ" అంది. ఆ తరవాత మళ్ళీ కోరడం మొదలుపెట్టింది. ఎంతసేపు నిలబడినా తలెత్తలేదు. ఎదురుగా ఉన్న పీట చూపించి కూర్చోమనలేదు. పిల్లితో అన్నట్టు "గుమ్మంలో అడ్డం లేవండి, వెలుతురు రావట్లేదు" అంది.

నీ మీద నాకున్న చులకన నిజమే గణపతీ, ఇంకా ఉంది. కానీ నీది అత్యాశ. దానికి కనీసం మొహం ఉంది. నాది పిరికితనం, శాస్త్రం తెలుసనే గీర తొడుక్కుని తిరిగింది. పొడి వెనక్కి తీసుకుంటావా లేదా?

ధర్మరాజు

*

హైదరాబాదు,
సెప్టెంబరు 17.

ధర్మరాజూ,

చదివాను. జాలి వెయ్యలేదు. నవ్వొచ్చింది, అది కూడా ఎక్కువసేపు నిలవలేదు.

మన వయసుకి తగ్గట్టు మాట్లాడుకుందాం. వెనక్కి తీసుకుంటే కంపెనీ మూతపడుతుంది. నలభై కుటుంబాలు. నువ్వు నోరు విప్పితే నీ డాక్టరేటు పోతుంది, ఊళ్ళో తలెత్తుకోలేవు. ఇద్దరం ఊరుకుంటే ఇద్దరికీ మంచిది. వచ్చే వాయి నుంచి డబ్బా మీద "కొబ్బరి" అనే మాట తీసేయిస్తాను. ఎవరికీ తెలియదు. బ్రెడ్డుకి వాడుకుంటారు. ఆవిడకి ఏదైనా ఇప్పించమంటే ఇప్పిస్తాను, నీ పేరు మీదే ఇవ్వు, పోయిన మర్యాద వస్తుంది.

ఇంత గింజుకోకు. మే నెలలోనే కేరళ నుంచి రెండు ఫిర్యాదులు వచ్చాయి, కొబ్బరి మిఠాయిల మీదే. సర్దుబాటు చేసుకున్నాం. ఎవరూ చావలేదు. ఇదీ అంతే.

ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

గణపతి

*

కొత్తపేట,
అక్టోబరు 21.

గణపతీ,

చించలేదు. నీ ఉత్తరాలు మూడూ, నావాటి నకళ్ళూ, థీసిస్ ఎనభై ఏడో పేజీ, అన్నీ కలిపి ఆహార భద్రత అధికారికి ఇచ్చాను. మే నెలలో నీకు తెలుసు, ఏప్రిల్లో నాకు తెలుసు. జూన్లో తిన్న పిల్లకి మాత్రం తెలియదు. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "ఇద్దరూ చదువుకున్నవాళ్ళేనా అండీ?" అని అడిగాడు. ఆయ్ అన్నాను. వారం తిరక్కుండా నీ సరుకు జిల్లాలో అమ్మకుండా ఆపించారు. హైదరాబాదుకీ రాశారట. ఆ కాగితం ఈపాటికి నీకు అంది ఉంటుంది.

విశ్వవిద్యాలయానికి నేను రాసిన ఉత్తరానికి కూడా జవాబు వచ్చింది. విచారణ కమిటీ వేశారు. నేను ఒప్పుకున్నాక ఇంకేం విచారిస్తారో తెలియదు. వెళ్తాను.

అప్పనపల్లి వెళ్ళి, శనివారం జనం ఉన్నప్పుడే, సత్తియ్య కొట్టు ముందు నిలబడి చెప్పాను. తప్పు వీరవేణిది కాదు, పొడిది, ఆ పొడి వెనక ఉన్న అబద్ధం నాది అన్నాను. సత్తియ్య తూకం వేస్తూనే విన్నాడు. "ఇంత పెద్దమనిషి ఇదేం పనండీ? మీరు చెప్పేరు, బానే ఉంది. నేను నలుగుర్లో అన్న మాట ఎలా మింగనండీ?" అన్నాడు. మర్నాడు తనే కొత్తపేట వచ్చి ఆమె ఇంటి ముందు నిలబడ్డాడట. ఆమె సరుకు మళ్ళీ ఆ కొట్లో ఉంది. ఎక్కువ వేయించి, తడి తగ్గించి చేస్తోంది. పొట్లం మీద ఎనిమిది రోజులే వేస్తోంది. నేను కొనడానికి వెళితే లేదంటుంది. నా కళ్ళ ముందు వరసగా పేర్చి ఉన్నా సరే, లేవండీ అంటుంది.

నువ్వు ఇప్పిస్తానన్న డబ్బు సంగతీ, బ్రెడ్డు సంగతీ ఆమెతో చెప్పాను, దాచకూడదని. "ఆయన్నే ఉంచుకోమనండి, బ్రెడ్డు కొనుక్కుంటారు" అంది.

పోయిన గురువారం రాజోలు వెళ్ళాను. భవానిగారు నేనెవరో తెలియక లోపలికి రమ్మని కుర్చీ వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. పాప బడి నుంచి వచ్చి సంచీ విసిరి, నన్ను చూసి లోపలికి పరిగెత్తింది. కుదురుగా ఉంది. కాస్త చిక్కిందేమో, నాకు ముందు తెలియదు కదా. నేను చెప్పదలుచుకున్నది చెప్పాను. సీసాల దగ్గర నుంచి హాలులో వాసన చూసిందాకా. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవాలనే వెళ్ళాను. పైటచెంగు భుజం నిండా కప్పుకుని, కింద చూస్తూ కూర్చుంది.

అయిపోయాక లేచింది. నేను సగం తాగిన గ్లాసు తీసుకుని, నా ఎదురుగానే ఆ నీళ్ళు గుమ్మం పక్క మట్టిలో పారబోసింది.

"ఆయ్. మంచిదండీ. జాగ్రత్తగా వెళ్ళండి" అంది.

అంతే. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. బస్సు స్టాండు దాకా నడిచి, అక్కడ బల్లమీద కూర్చుని, రెండు బస్సులు వెళ్ళిపోయినా ఎక్కలేకపోయాను.

ఇక మనిద్దరికీ రాసుకోవాల్సింది లేదు. కానీ నువ్వూ ఒకసారి వెళ్ళి రావాలి. కారు వీధి మొదట్లోనే ఆపి నడిచి వెళ్ళు. సాయంత్రం నాలుగు దాటాక అయితే పాప కూడా ఉంటుంది. అడ్రసు కింద రాస్తున్నాను.

భవానిగారు,
పసుపు గేటు ఇల్లు, కాలవ గట్టు వీధి,
రాజోలు.

ధర్మరాజు